రిపేరైన ఈసీఎం బిగించాక శాంత్రో మొరాయిస్తుంటే: ముందు ఎర్త్ చూడండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు ఇక్కడ పెడతాను, తప్పుంటే చెప్పండి. బండి 2004 శాంత్రో జింగ్, నాన్నగారిది, విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు సీట్ల దాకా మునిగింది. కడిగించి, ఆరబెట్టి, ఆయిల్ మార్పించి నడిపారు. కొన్ని నెలలు బాగానే తిరిగింది. ఒక రోజు పొద్దున సెల్ఫ్ తిరుగుతుంది గానీ స్టార్ట్ కాలేదు. ఈసీఎం, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె, పోయిందన్నారు. రిపేరుకు పంపితే కెపాసిటర్లు మార్చాం, ఒక కాయిల్ డ్రైవర్ (ప్లగ్గులకు కిక్కు ఇచ్చే కాయిల్‌ను ఆన్-ఆఫ్ చేసే ముక్క) మార్చాం, లోపల ఎర్త్ ట్రాక్ (బోర్డు మీద కరెంటు మైనస్‌కు తిరిగి వెళ్ళే సన్న రాగి గీత) ఒకటి కాలిపోతే వైరుతో జంపర్ వేశాం అని చెప్పి తిరిగిచ్చారు. బిగించగానే బండి స్టార్టయింది. కానీ స్టార్టయిన క్షణం నుంచే రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోంది. చెక్ లైట్ ఆరడం లేదు. స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు) ఆర్పీఎం 700కీ 1,500కీ మధ్య ఊగుతోంది. సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోల్ వాసన. గతుకుల్లో ఒక్కోసారి ఉన్నట్టుండి ఆగిపోతోంది. ఇరవై నిమిషాలు నడిచాక మిస్ కొడుతోంది. మీ మెకానిక్ ఏమో ఈ రిపేరు పనికిరాదు, సెకండ్ హ్యాండ్ ఈసీఎం ఇంకొకటి తెచ్చుకోండి అంటున్నాడు. తేవాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

వద్దు. కనీసం ఇప్పుడే వద్దు.

ఎందుకంటే మీరు మాటల్లో మాటగా రాసేసిన ఒక్క ముక్క దగ్గర నేను ఆగిపోయాను. "లోపల ఎర్త్ ట్రాక్ కాలిపోయింది." కెపాసిటర్ కారడం వయసుతో వచ్చే జబ్బు, ఇరవై ఏళ్ళ బోర్డుకు అది మామూలే. వరద నీళ్ళకు కాళ్ళు చిలుము పట్టడమూ మామూలే. కానీ రాగి ట్రాక్ దానంతటది కాలదు. దాని మీదుగా అది మోయలేనంత కరెంటు పోతేనే కాలుతుంది. ఆ కరెంటు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చూడలేదు. చూడకుండా ట్రాక్ అతికించి, పెట్టె మళ్ళీ అదే బండికి తగిలించారు. అంటే ఈసీఎంను తిన్నది ఇంకా బండిలోనే ఉంది. మీరు సెకండ్ హ్యాండ్‌ది తెచ్చి పెట్టినా దాన్నీ తింటుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఈ బండిలో ఎవరో చేసిన తప్పుకు దెబ్బలు ఈసీఎం తింటోంది.

ఆ ఎవరో ఎవరంటే, నా అనుమానం ఇంజన్ ఎర్త్ పట్టీ మీద.

సెల్ఫ్ కొట్టినప్పుడు స్టార్టర్ మోటార్ లాగే కరెంటు ఇంత చిన్న పెట్రోల్ బండిలో కూడా వంద ఆంపియర్లు దాటుతుంది. ఎర్ర వైరు మీదుగా వెళ్ళినదంతా తిరిగి బ్యాటరీ మైనస్‌కు చేరాలి. దాని దారి ఇంజన్, గేర్‌బాక్స్, అక్కడ బోల్టు చేసిన లావు నల్ల కేబుల్ లేదా అల్లిన పట్టీ. ఆ పట్టీ చివర లగ్గు (బోల్టుకు బిగించే లోహపు కొస) లోపల వరద ఒండ్రు చేరి చిలుము పడితే దారి మూసుకుపోతుంది. కరెంటుకు దారి మూస్తే ఊరుకోదు, ఇంకో సందు వెతుక్కుంటుంది. యాక్సిలరేటర్ కేబుల్, గేర్ కేబుళ్ళు, ఇంజన్ నుంచి బాడీకి తగిలే ప్రతి ఇనుప ముక్క దానికి సందే. ఈసీఎం ఎర్త్ వైర్లు కొన్ని ఇంజన్ మీద బిగించి ఉండి, పెట్టె ఏమో బాడీకి బోల్టయి ఉంటే, ఆ సందు ఈసీఎం బోర్డు గుండానే పోతుంది. వెంట్రుకంత మందం రాగి ట్రాక్ మీద స్టార్టర్ మోటార్ కరెంటు! ఒక్కసారికే కాలకపోవచ్చు. రోజూ నాలుగుసార్లు సెల్ఫ్ కొడితే కొన్ని నెలల్లో కాలుతుంది. వరద తర్వాత వెంటనే కాకుండా కొన్ని నెలలకు పోయిందన్నారు చూడండి, అది కూడా ఈ కథకే సరిపోతుంది.

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. 2020 అక్టోబర్ హైదరాబాద్ వానల్లో మునిగిన ఒక బండిని మా దగ్గరి బంధువు కొని విజయవాడ తెచ్చాడు. సెల్ఫ్ తిరిగి స్టార్ట్ కాలేదు. ఈసీఎం విప్పితే ఎర్త్ ట్రాక్ నల్లగా కాలి ఉంది. నేనే అతికించి ఇచ్చాను. రెండు వారాలకు మళ్ళీ అదే. ఈసారి వేరే ఈసీఎం తెచ్చి పెట్టాను, అది మూడు వారాలు బతికింది. అప్పటికి నేను వైరింగ్ పనిలో ఇరవై ఏళ్ళు దాటినవాణ్ణి, ఎర్త్ చూడకుండా ఉంటానా? చూశాను. మీటర్ బీప్ మోడ్‌లో పెట్టి బ్యాటరీ మైనస్‌కూ ఇంజన్‌కూ తాకిస్తే చక్కగా బీప్ అంది. ఆ బీపే నన్ను మోసం చేసింది. మూడోసారి ఆ అబ్బాయి, "మామయ్యా, యాక్సిలరేటర్ ఈ మధ్య బిగుసుకుపోతోంది, అది కూడా చూడు" అన్నాడు. కేబుల్ పీకితే లోపలి ప్లాస్టిక్ గొట్టం కరిగి తీగకు అతుక్కుపోయి ఉంది. అప్పుడు తల గోడకు కొట్టుకున్నాను. పట్టీ రబ్బరు తొడుగు కోసి చూస్తే లగ్గు లోపల రాగి పోగులు చాలావరకు తెల్లపొడి అయిపోయి, నాలుగైదు పోగులే మిగిలి ఉన్నాయి. బీప్ రావడానికి ఒక్క పోగు చాలు. సెల్ఫ్ మోటార్ తిరగడానికి చాలదు.

అందుకని ఓమ్ మీటర్‌తో ఎర్త్ చూడొద్దు. లెక్క చూడండి: వంద ఆంపియర్ల దారిలో 0.01 ఓమ్ అడ్డం ఉంటే ఒక వోల్టు అక్కడే పోతుంది. 0.01 ఓమ్‌ను మన చేతి మీటర్ చూపించలేదు, ప్రోబుల రెసిస్టెన్సే అంతకన్నా ఎక్కువ. కానీ ఒక వోల్టును ఏ మీటరైనా చూపిస్తుంది. కాబట్టి కరెంటు పారుతుండగా వోల్టులు కొలవాలి.

ఇలా చేయండి. ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ పీకేయండి, ఇంజన్ స్టార్ట్ కాకుండా. మీటర్ డీసీ వోల్టుల్లో పెట్టండి. నల్ల ప్రోబు బ్యాటరీ మైనస్ పోస్టుకే నేరుగా పెట్టాలి, క్లాంపు మీద కాదు. పోస్టుకూ క్లాంపుకూ మధ్యనే లోపం ఉండొచ్చు. ఎర్ర ప్రోబు ఇంజన్ మీద పెయింటు లేని చోట, ఏదైనా బోల్టు తల గీకి పెట్టండి. పక్కన ఒకరిని కూర్చోబెట్టి నాలుగైదు సెకన్లు సెల్ఫ్ కొట్టించండి. మీటర్ 0.2 వోల్టు లోపు చూపిస్తే పట్టీ మంచిదే, నా అనుమానం తప్పు. 0.5 దాటితే దొంగ దొరికినట్టే. నా బంధువు బండికి 3 వోల్టుల పైన వచ్చింది. తర్వాత ఎర్ర ప్రోబు బాడీ మీదకు మార్చి, హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటర్ ఉంటే అదీ వేసి కొలవండి. అక్కడ 0.1 దాటకూడదు.

రీడింగ్ ఎలా వచ్చినా సరే, వరదలో మునిగిన బండికి పట్టీలు కొత్తవి వేయించుకోండి. ఆటోనగర్‌లో మంచి లావు కేబుల్‌కు లగ్గు ప్రెస్ చేసి ఇస్తారు, పెద్ద ఖర్చేం కాదు. బిగించే చోట బాడీ మీద పెయింటు, తుప్పు తళతళలాడేదాకా గీకి, బిగించాక పైన గ్రీజు రాయండి. ముందే గ్రీజు రాసి దాని మీద బిగించకండి. యాక్సిలరేటర్ పెడల్ బరువుగా ఉందేమో కూడా చూడండి, అది మీ బండి చెప్పే సాక్ష్యం.

ఇది పాత నేరం సంగతి. ఇప్పుడున్న లక్షణాలకు వద్దాం.

ఫ్యాన్ ఆగకుండా తిరగడం, చెక్ లైట్, ఊగే స్లో, పెట్రోల్ వాసన. వీటిని నాలుగు జబ్బులనుకుంటే నాలుగు సెన్సర్లు మార్పిస్తారు. వేడి సెన్సర్ ఒకరు, త్రాటిల్ సెన్సర్ ఒకరు, మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి పోయే గాలి ఒత్తిడి కొలిచేది) ఒకరు చెప్తారు, ఒకొక్కటీ కొనిపిస్తారు. నాలుగు సెన్సర్లు ఒకేరోజు చావవు. నాలుగిటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చూడాలి. రెండే రెండు ఉమ్మడి: ఈసీఎం ఇచ్చే 5 వోల్టుల లైను, సెన్సర్ ఎర్త్. కాలిపోయి జంపర్ పడింది ఎర్త్ ట్రాక్ అని మీరే చెప్పారు గనక నేను రెండోదాని మీద పందెం కాస్తాను.

సెన్సర్ ఎర్త్ తెగితే ఏమవుతుందో చూడండి. కూలంట్ వేడి సెన్సర్ అంటే వేడికి రెసిస్టెన్స్ తగ్గే ముక్క, 20 డిగ్రీల దగ్గర రెండున్నర వేల ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర మూడు వందల ఓమ్‌లు ఉంటుంది. ఈసీఎం లోపలి నుంచి ఒక రెసిస్టర్ ద్వారా 5 వోల్టులు పంపి, ఎంత పడిందో చూసి వేడి లెక్కకడుతుంది. ఎర్త్ లేకపోతే ఆ 5 వోల్టులు పడవు, అలాగే నిలబడిపోతాయి. అంటే ఈసీఎం లెక్కలో కూలంట్ మైనస్ నలభై డిగ్రీలు. విజయవాడలో మైనస్ నలభై! దానికీ అనుమానం వస్తుంది. సెన్సర్ తెగిందని తీర్మానించి, చెక్ లైట్ వేసి, ఇంజన్ కాలిపోకూడదని ఫ్యాన్ ఆన్‌లో పెట్టేస్తుంది. ఇంతవరకు అది తెలివైన పనే చేసింది. మ్యాప్ సెన్సర్ వోల్టేజీ కూడా అలాగే పైకి లేస్తే లోడ్ ఎక్కువుందని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, మీ వాసన అదే. త్రాటిల్ సెన్సర్ పైకి లేస్తే కాలు పెడల్ మీద ఉందనుకుంటుంది, స్లో సరిచేయడం వదిలేస్తుంది. ఆర్పీఎం ఊగుతుంది. నాలుగు లక్షణాలూ ఒక్క వైరు దగ్గరికే వచ్చాయి కదా.

పరీక్ష ఐదు నిమిషాల పని. కూలంట్ సెన్సర్ కప్లర్ (వైర్లను తగిలించే ప్లాస్టిక్ కనెక్టర్) ఊడదీయండి, కీ ఆన్ చేయండి, ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. (గేజీకి వేరే సెన్సర్ ఉండొచ్చు, ఒక వైరున్నది గేజీది, రెండు వైర్లున్నది ఈసీఎంది.) కప్లర్ రెండు పిన్నుల మధ్య కొలవండి. 5 వోల్టులు రావాలి. రాకపోతే ఒక్కో పిన్నునూ బ్యాటరీ మైనస్ పోస్టుకు కొలవండి. ఒక పిన్ను దగ్గర 5 వోల్టులు వస్తుంటే అది సిగ్నల్, బాగుంది. రెండోది సెన్సర్ ఎర్త్, అది తెగింది. రెండు పిన్నుల మధ్య 5 వచ్చినా సంబరపడకండి. మీటర్ కరెంటు లాగదు గనక సన్నపోగు మీద కూడా 5 చూపిస్తుంది. కప్లర్ మళ్ళీ పెట్టి, ఇంజన్ నడుస్తుండగా, సెన్సర్ ఎర్త్ వైరు వెనక నుంచి కుట్టుసూది గుచ్చి బ్యాటరీ మైనస్‌కు కొలవండి. 0.05 వోల్టు లోపు ఉండాలి. అర వోల్టు ఉందంటే ఆ మేరకు సెన్సర్లన్నీ అబద్ధం చెప్తున్నట్టు. సూది ఎప్పుడూ వెనక నుంచే. ముందు నుంచి మీటర్ ప్రోబు దూరిస్తే ఆడ పిన్ను వెడల్పయి, ఇవాళ లేని లూజు రేపు మీరే తెచ్చిపెట్టినవారవుతారు.

ఎర్త్ తెగిందని తేలితే ఇంకో చిక్కుముడి ఉంది: తెగింది ఈసీఎం లోపలి జంపరా, బయట వైరింగ్ కిట్టా? వరద బండి కాబట్టి రెండూ సాధ్యమే. సెన్సర్ ఎర్త్ వైర్లన్నీ టేపు కింద ఒక జాయింట్ దగ్గర కలుస్తాయి. ఆ జాయింట్ నీళ్ళలో నానితే రాగి వైరు తొడుగులోపల నీటిని దీపం వత్తి నూనె పీల్చినట్టు పీలుస్తుంది. పైకి వైరు కొత్తదానిలా ఉంటుంది, కోస్తే లోపల పోగులు బొగ్గులా నల్లగా ఉంటాయి. తేల్చుకోవడానికి బ్యాటరీ మైనస్ ఊడదీసి, ఈసీఎం కప్లర్లు పీకి, సెన్సర్ దగ్గరి ఎర్త్ పిన్ను ఈసీఎం కప్లర్‌లో ఏ పిన్నుకు వస్తోందో వెతకండి. వైరు రంగు చాలావరకు దారి చూపిస్తుంది. దొరికితే, అదే వైరు మీద 5 వాట్ల డ్యాష్ బల్బు ఒకటి వెలిగించి చూడండి: ఒక చివర బ్యాటరీ ప్లస్ బల్బు ద్వారా, ఇంకో చివర నేరుగా మైనస్. ఈసీఎం పీకేసి ఉన్నప్పుడు మాత్రమే, ఆ లైను మీదున్న సెన్సర్ల కప్లర్లు కూడా ఊడదీసి మాత్రమే! బల్బు నిండుగా వెలిగితే వైరు మంచిది, తప్పు ఈసీఎం లోపల. మిణుకుమంటే వైరింగే. అప్పుడు ఈసీఎం విప్పాల్సిన పనే లేదు.

ఈసీఎం లోపలే అని తేలితే, దాన్ని విసిరేయకుండా చేసినవారి దగ్గరికే తీసుకెళ్ళండి. గతుకుల్లో ఆగిపోవడం కూడా అక్కడికే వేలు చూపిస్తోంది. జంపర్ వైరు సన్నదై, రెండు కొసలా టంకం పెట్టి మధ్యలో గాల్లో వదిలేస్తే, బండి ఊపుకు టంకం మొదట్లో విరుగుతుంది. ఇంజన్ స్లోలో ఉండగా స్క్రూడ్రైవర్ పిడితో ఈసీఎం పెట్టె మీద మెల్లగా, తలుపు తట్టినట్టు తట్టండి. తట్టినప్పుడల్లా ఇంజన్ గొంతు మారితే లోపల వదులుంది. మారకపోతే కప్లర్‌నూ, దాని వెనక ఒక జానెడు వైరింగ్‌నూ పట్టుకుని ఊపండి. మూడోది మెయిన్ రిలే (ఈసీఎంకు కరెంటు ఇచ్చే స్విచ్), దాన్నీ తట్టండి. వరద బండిలో రిలే కాళ్ళు, ఫ్యూజ్ బాక్సు వెనక భాగం పచ్చగా చిలుము పట్టి ఉండడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. ఫ్యూజ్ ముందు నుంచి బాగుంటుంది, పెట్టె తిప్పి చూస్తే పాచి పట్టిన బావిలా ఉంటుంది.

రిపేరు చేసినవారిని మీరు అడగాల్సింది ఇది. జంపర్ వైరు తగినంత లావుదా? బోర్డుకు అతికించి కదలకుండా చేశారా? కెపాసిటర్లు 105 డిగ్రీల రకం వేశారా? కారిన ద్రవాన్ని కడిగాకే కొత్తవి పెట్టారా? ఆ ద్రవం మిగిలితే కొత్త కెపాసిటర్ కింద కూడా రాగిని తింటూనే ఉంటుంది. విప్పగానే చేపల వాసన వస్తే అది ఇంకా ఉన్నట్టే. చివరగా, తేమ తగలకుండా పైన పూత వేశారా? వీలైతే మూత వేయకముందు ఫొటో అడగండి. మంచి పనివాడు ఫొటో అడిగితే మొహం చిట్లించడు.

ఇక ఇరవై నిమిషాల తర్వాత మిస్ కొట్టడం. ఇది మాత్రం వేరే కథ అనుకుంటున్నాను. మార్చిన కాయిల్ డ్రైవర్ కథ.

ఈ బండిలో ఒక్కో కాయిల్ రెండేసి సిలిండర్లకు కిక్కు (నిప్పురవ్వ) ఇస్తుంది, 1-4 జత, 2-3 జత. వేడెక్కాక ఏ సిలిండర్లు మిస్ అవుతున్నాయో చూడండి. జతగా పోతే అనుమానం కాయిల్ మీద, దాని డ్రైవర్ మీద. ఒక్కటే పోతే ప్లగ్గు, ప్లగ్ వైరు, ఇంజెక్టర్. జతగా పోతుంటే ప్రైమరీ రెసిస్టెన్స్ రెండు కాయిళ్ళకూ కొలిచి పోల్చండి, చల్లగా ఒకసారి, మిస్ కొట్టేటప్పుడు ఆపి వెంటనే ఒకసారి. అర ఓమ్, ఒక ఓమ్ మధ్య ఉండేది కాబట్టి ముందు ప్రోబులు రెండూ తాకించి ఎంత చూపిస్తుందో తీసేయండి. అంకె కన్నా రెండిటి మధ్య తేడా ముఖ్యం. వేడిమీద ఒకటి బాగా పడిపోతే లోపల చుట్లు షార్టవుతున్నాయి. అలాంటి కాయిల్ ఎక్కువ కరెంటు లాగి డ్రైవర్‌ను వేయిస్తుంది. ప్లగ్ వైరు లోపల తెగినా డ్రైవర్‌కే దెబ్బ. బయటకు పోలేని కిక్కు వెనక్కి తిరిగి డ్రైవర్ నెత్తిన పడుతుంది. డ్రైవర్ మార్చి కాయిల్, ప్లగ్ వైర్లు పాతవే ఉంచడం అంటే చెద పట్టిన దూలం మీద కొత్త పెంకు వేయడం. ఏ జత డ్రైవర్ మార్చారో అడిగి తెలుసుకోండి. మిస్ అయ్యే జతా అదే అయితే, కాయిల్ మార్చకుండా ఇంకో కిలోమీటరు కూడా తిప్పొద్దు.

ఇంకో మాట, మిస్ కొడుతుండగా, పెట్రోల్ వాసన వస్తుండగా బండి ఎక్కువసేపు నడపకండి. కాలని పెట్రోల్, సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లో చేరి అక్కడ కాలుతుంది, అది ఎర్రగా కాగుతుంది. ఆ స్థితిలో ఎండుగడ్డి మీద, వరికుప్పల పక్కన బండి ఆపితే ప్రమాదం.

డైనమో కూడా ఒకసారి చూసేయండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. మీటర్ ఏసీలో పెట్టి అదే చోట కొలిస్తే 0.5 వోల్టు దాటకూడదు, దాటితే లోపలి డయోడ్ పోయింది. మునిగిన డైనమోలో అది అరుదు కాదు. డైనమో పనిచేస్తుందా లేదా అని ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూసే అలవాటు కొందరికింకా ఉంది. అంబాసిడర్ రోజుల్లో చెల్లిందేమో గానీ ఈసీఎం ఉన్న బండికి అది ఉరితాడు. మీ బండికి ఎవరన్నా అలా చేశారేమో అడగండి.

బ్లూటూత్ స్కానర్ పెడితే కనెక్ట్ కాలేదని రాశారు. దాన్ని ఈసీఎం లోపం కింద లెక్కవేయకండి. మన దేశంలో ఓబీడీ (బండి తన లోపాలను తానే పసిగట్టి కోడ్‌లుగా చెప్పే ఏర్పాటు) తప్పనిసరి అయింది బీఎస్-4 పొగ నిబంధనలతో, 2010 తర్వాత. మీ బండిలో పదహారు పిన్నుల సాకెట్ అలాగే ఉన్నా లోపల మాట్లాడే భాష ఆ చవక స్కానర్‌కు తెలియకపోవచ్చు. హ్యుందాయ్ పాత మోడళ్ళు ఎంచుకునే వీలున్న స్కానర్ ఉన్నవాళ్ళ దగ్గర చూపించండి. చూపించేటప్పుడు కోడ్‌లు మాత్రమే చదివించి వచ్చేయొద్దు, లైవ్ డేటా అడగండి. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద కీ ఆన్ చేస్తే కూలంట్ వేడి, లోపలికి పోయే గాలి వేడి, బయటి ఎండ మూడూ దాదాపు ఒకటే చూపించాలి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా మ్యాప్ సెన్సర్ విజయవాడలో దగ్గరదగ్గర 100 కిలోపాస్కల్ చూపాలి. హైదరాబాద్ ఎత్తు మీద ఉంది కాబట్టి అక్కడ 95 దరిదాపుల్లో ఉంటుంది, అది లోపం కాదు. స్టార్టయి స్లోలో ఉన్నప్పుడు 30-40 మధ్యకు దిగాలి. ఈ అంకెలు సరిగ్గా ఉన్నాయంటే సెన్సర్ ఎర్త్ గురించి నేను చెప్పిందంతా పక్కన పెట్టేయొచ్చు. అప్పుడు ఊడిన వాక్యూమ్ గొట్టం కోసం, మసి పట్టిన త్రాటిల్ బాడీ కోసం చూడండి. ఈసీఎం తీసేటప్పుడు చెయ్యి తగిలి ఏదైనా గొట్టం ఊడి ఉండటం జరిగే పనే.

ఎర్త్ సరిచేశాక కూడా స్లో ఒకటి రెండు రోజులు కాస్త ఊగితే కంగారు పడకండి. ఈసీఎం నేర్చుకున్నదంతా రిపేరులో చెరిగిపోయి ఉంటుంది. ఏసీ, లైట్లు అన్నీ ఆపి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా స్లోలో వదిలేయండి. తర్వాత ఏసీ వేసి పది నిమిషాలు. ఆపైన ఊళ్ళో కొంత, హైవే మీద కొంత తిప్పండి. ఇది చివర చేసే పని. తప్పుడు సెన్సర్లతో చేస్తే తప్పుడు పాఠమే నేర్చుకుంటుంది.

అన్నీ చూశాక ఈసీఎం నిజంగానే పనికిరాదని తేలితే అప్పుడు సెకండ్ హ్యాండ్ మాట. మీ పెట్టె మీద 39110తో మొదలయ్యే పార్ట్ నంబర్ ఉంటుంది. అది చివరి అక్షరం దాకా కలవాలి. చూడ్డానికి ఒకేలా ఉందని, కప్లర్ సరిపోయిందని కొనొద్దు. స్పీడోమీటర్ దగ్గర తాళంచెవి గుర్తున్న లైటు ఉంటే మీ బండికి ఇమ్మొబిలైజర్ (అసలు తాళంచెవి లేకుండా స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉంది. అప్పుడు వేరే బండి ఈసీఎం మీ తాళాన్ని గుర్తుపట్టదు, పాత బోర్డులోని మెమొరీ చిప్ డేటా కొత్తదాంట్లోకి మార్చాల్సి వస్తుంది. అందుకే పాతది ఎంత చెడిపోయినా మార్పిడి కింద ఇచ్చేయకండి.

విప్పినా బిగించినా బ్యాటరీ మైనస్ ముందు తీయాలి, చివర పెట్టాలి. టెస్టర్ బల్బు పాతకాలం ఫిలమెంట్‌ది ఈసీఎం పిన్నుల మీద వాడొద్దు, ఎల్ఈడీది వాడండి. కప్లర్లకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. డబ్ల్యూడీ-40 నీళ్ళను తోస్తుంది గానీ వెనక జిడ్డు మిగులుస్తుంది, దాని మీద దుమ్ము పడుతుంది.

రేపు పొద్దున ముందు ఒక్క పని చేయండి చాలు: సెల్ఫ్ కొడుతుండగా ఇంజన్‌కూ మైనస్ పోస్టుకూ మధ్య వోల్టేజీ. ఆ అంకె, కూలంట్ సెన్సర్ కప్లర్ దగ్గర వచ్చిన రెండు అంకెలు, డ్రైవర్ మార్చింది ఏ జతకో, ఈ నాలుగూ రాయండి. అక్కణ్ణుంచి చూద్దాం. పట్టీ మార్చేదాకా మాత్రం సెల్ఫ్ ఎక్కువ కొట్టకండి, ఆ జంపర్ మీద ఇప్పటికే ఎంత భారం పడిందో తెలీదు.